నివాళి ఫ్లెక్సీలో చెంగయ్య

విడవలూరులో టైలర్ హజరత్తయ్యను ఎరగని ఆడవాళ్లు లేరు, తిట్టుకోని ఆడవాళ్లూ లేరు. కుట్టు బాగుంటుంది, జాకెట్టు భుజం మీద అతికినట్టు కూర్చుంటుంది, అందులో ఎవరికీ పేచీ లేదు. ఇస్తానన్న రోజుకి మాత్రం ఇచ్చిన పాపాన పోలేదు. ‘రేపు రామ్మా’ అన్న మాట ఆయనకు ఊతపదం. పెళ్లికూతురు పీటల మీద కూర్చోబోతుంటే హుక్కులు కుట్టి చేతికిచ్చిన ఘనుడు. అలాగని చెడ్డమనిషి కాదు. కసుమూరు దర్గాకు మొక్కుకుంటే పుట్టాడని తల్లి ఆ పేరు పెట్టుకుంది. మెత్తని మనిషి, ఎవరినీ గట్టిగా ఒక మాట అనలేడు. ఎవరికైనా మొహం చూపించలేని పరిస్థితి వస్తే పక్క సందులోంచి తప్పుకుంటాడు, అంతే. ఊళ్లో సందులన్నీ ఆయనకు అందుకే బాగా తెలుసు.

ఆయన మొహం చాటేసిన వాళ్లలో చెంగయ్య ఒకడు. హైస్కూల్లో ఇద్దరిదీ ఒకే బెంచీ. చెంగయ్యది సముద్రం ఒడ్డున పాళెం, వేటకు పోయే కుటుంబం. వాళ్లమ్మ కట్టిచ్చిన నెత్తళ్ల చేపల వేపుడు సగం హజరత్తయ్య కడుపులోకే పోయేది. పదో తరగతి తప్పి చెంగయ్య పడవెక్కాడు, అదే పది తప్పి ఇతను కుట్టుమిషను ఎక్కాడు. ఒకరి పెళ్లికి ఒకరు వెళ్లారు. ఆ తర్వాత పిల్లలు, అద్దెలు, పండగల ముందు కుప్పలు పడే బట్టలు. పాళెం ఆటోలో అరగంట దూరం. ఆ అరగంట హజరత్తయ్యకు ఎన్నేళ్లయినా దొరకలేదు.

నాలుగేళ్ల కిందట ముసురు పట్టిన రోజుల్లో, పాళెం పడవ తిరగబడి చెంగయ్య పోయాడని దుకాణం ముందు ఎవరో చెప్పుకుంటుంటే విన్నాడు. కత్తెర కింద పెట్టి ఏడ్చాడు. నిజంగానే ఏడ్చాడు. “రేపు పోయొస్తా” అన్నాడు భార్య కామాక్షితో. అది దసరా ముందర, ఊపిరాడని పని. చావు జరిగిన ఇంటికి పోవడానికి ఒక గడువుంటుంది. పెద్దకర్మ లోపల పోతే అది పరామర్శ. అది దాటాక పోతే, ఇన్నాళ్లూ ఏమైపోయావని మనుషులు అడగకపోయినా గుమ్మం అడుగుతుంది. చూస్తుండగానే పెద్దకర్మ దాటిపోయింది. కనీసం సంవత్సరీకానికి పోదామనుకున్నాడు, అదీ దాటింది. పాళెం వాళ్లెవరైనా బట్టలు కుట్టించుకోవడానికి వస్తే, చెంగయ్య పేరు ఎత్తనివ్వకుండా గబగబా కొలతలు తీసుకుని పంపించేసేవాడు.

అది అంతటితో పోయుంటే, కడుపులో పెట్టుకుని బతికేసేవాడే. ఈ ఏడు వాళ్ల టెన్త్ బ్యాచ్ వాళ్లకు మళ్లీ కలవాలని బుద్ధి పుట్టింది. రొయ్యల మేత కొట్టు పెట్టి బాగుపడిన సుకుమార్ వాట్సాప్ గ్రూపు పెట్టాడు. తెల్లారితే గులాబీల గుడ్‌మార్నింగులు, పొద్దు వాలితే పాత జోకులు. కనపడకుండా పోయినవాళ్లను వెతికే పని తలా కొంచెం పంచారు. పాళెం వైపు హజరత్తయ్య వంతు వచ్చింది.

‘చెంగయ్య పోయినాడు కదబ్బా, నాలుగేళ్లయింది’ అని ఆయన రాశాడు. అక్కడిదాకా తప్పేమీ లేదు, విన్నదే చెప్పాడు. ఇంతలో జయశీల గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టింది. క్లాసులో ఎప్పుడూ ఫస్టు వచ్చే పిల్ల, ఇప్పుడు నర్సుగా చేస్తోంది.

“అయ్యో, నాకు తెలియనే తెలీదే! నువ్వు పోయొచ్చినావా హజరత్తా? నీ బెంచీవాడు కదా.”

పోలేదని రాస్తే ఏమయ్యేది? ఏమీ అయ్యేది కాదు. ఆ ఒక్క మాట రాయడానికి వేలు రాలేదు. ‘పోయొచ్చినా. వాళ్లింటామె నన్ను చూసి బోరున ఏడ్చింది. మా ఆయన ఎప్పుడూ నీ మాటే చెప్పేవాడన్నా అనింది’ అని రాసి పడేశాడు. వరసగా దండాలు, కన్నీళ్ల బొమ్మలు వచ్చిపడ్డాయి. ‘స్నేహితుడంటే నువ్వురా’ అన్నాడు సుకుమార్. ఆ పూట హజరత్తయ్యకు ముద్ద దిగలేదు. కూర బాగాలేదా అని కామాక్షి అడిగితే బాగుందన్నాడు. తానే కల్పించిన ఆ ఏడుపు మాత్రం మిషను తొక్కుతున్నా చెవిలో వినపడుతూనే ఉంది.

కలుసుకునే రోజు రానే వచ్చింది. ఫంక్షన్ హాలు ముందర స్వాగతం ఫ్లెక్సీ, లోపల వేదిక పక్కన నివాళి ఫ్లెక్సీ. మనవాళ్లకు పుట్టినా ఫ్లెక్సీయే, పోయినా ఫ్లెక్సీయే. పైన పోయిన మాస్టర్లు, కింద పోయిన నేస్తాలు. చెంగయ్య పెద్దయ్యాక తీసుకున్న ఫోటో ఎవరి దగ్గరా లేకపోయేసరికి, టెన్త్ గ్రూపు ఫోటోలోంచి మొహం కత్తిరించి పెద్దది చేశారు. నూనూగు మీసాల పిల్లాడు. భుజం మీద ఎవరిదో చెయ్యి, మణికట్టు దాకా మిగిలిపోయింది. ఆ చెయ్యి ఎవరిదో హజరత్తయ్యకు తెలుసు.

“కష్టకాలంలో ఆ ఇంటికి పోయి నిలబడినవాడు” అని మైకులో చెప్పి, దండ వెయ్యడానికి సుకుమార్ ఆయన్నే పిలిచాడు. కాళ్లు ఈడ్చుకుంటూ పోయి వేశాడు. అందరూ లేచి నిలబడి మౌనం పాటించారు. తల వంచుకుని హజరత్తయ్య మనసులో చెంగయ్యకు క్షమాపణ చెప్పుకున్నాడు. చచ్చినవాడికి చెప్పుకోవడం తేలికని అప్పుడే కొంచెం ఊరట కూడా పడ్డాడు.

భోజనాలు మొదలవుతుండగా గుమ్మంలో ఒకాయన నిలబడ్డాడు. ఎండకు కమిలిన నల్లటి మనిషి, నెరిసిన గడ్డం, ఇస్త్రీ మడతలు పోని తెల్ల చొక్కా.

“ఎవరు కావాలన్నా?” అన్నాడు సుకుమార్.

“నేనురా, చెంగయ్యని. మా పాప ఫోన్లో చూసింది మీ కార్డు. నన్నెవరూ పిలవలేదు. మర్చిపోయుంటారులే అని నేనే వచ్చినా.”

అందరి కళ్లూ ఆయన మీదికి, అక్కడినుంచి ఫ్లెక్సీ మీదికి, ఫ్లెక్సీ మీదినుంచి హజరత్తయ్య మీదికి మళ్లాయి. చెంగయ్య నిదానంగా నడిచి వెళ్లి తన ఫోటో ముందు నిలబడ్డాడు. దండ చూశాడు. కింద రాసింది కూడబలుక్కుని చదువుకున్నాడు.

“చిన్నప్పుడు బాగుండానే” అన్నాడు.

సుకుమార్ మొహం ఎర్రబడింది. “ఏందిరా హజరత్తా ఇది? పోయొచ్చినా అంటివే! వాళ్లింటామె నిన్ను చూసి ఏడ్చింది అంటివే!”

హజరత్తయ్యకు తప్పుకుపోవడానికి అక్కడ ఏ సందూ లేదు. ముప్పై ఏళ్ల తర్వాత దొరికిన నేస్తాలందరి ముందూ, బతికుండగానే తాను చంపేసిన నేస్తం ముందూ, ఇక అబద్ధాలకోరుగా నిలబడాల్సిందే. నిజం చెప్పాలని నోరు తెరిచాడు.

ఈలోగా చెంగయ్య ఆయన వైపు చూశాడు.

“వచ్చినాడు” అన్నాడు. “పోయింది మా చిన్నాయన కొడుకు. వాడూ చెంగయ్యే. మా తాత పేరు ఇద్దరికీ పెట్టుకున్నారు. పాళెంలో మమ్మల్ని పెద్దోడు, చిన్నోడు అంటారు. ఆ రోజు నేను వాడి శవం కోసం సముద్రంలో తిరగతా ఉండా. వీడొచ్చే పొద్దుకి నేను ఇంట్లో లేను. వాడి పెళ్లాం ఏడస్తా ఉంటే మా ఇంటిదే అనుకున్నాడు పాపం.”

హాలుకి హాలే ఊపిరి పీల్చుకుంది. ఎవరో చప్పట్లు కొట్టారు. జయశీల కళ్లు తుడుచుకుంటూ చెంగయ్యకు విస్తరి వేసింది. ఒక కుర్చీ ఎక్కి సుకుమారే దండ పీకేసి, ఫోటో మీద తెల్లకాగితం అంటించాడు. ఎంత పొరపాటు పడినా వెళ్లిన మనసు గొప్పదంటూ హజరత్తయ్య వీపు తట్టిపోయారు జనం. ఒక్కొక్క చెయ్యి పడుతుంటే ఆయనకు చెప్పుతో కొట్టినట్టే ఉంది. తాను ఆడిన అబద్ధాన్ని కాపాడడానికి, దానివల్ల దెబ్బతిన్నవాడే ఇంకో అబద్ధం ఆడాల్సి వచ్చింది. గ్రూపు ఫోటోలో చెంగయ్య పక్కన నిలబెడితే ఈసారి భుజం మీద చెయ్యి వెయ్యలేకపోయాడు.

మధ్యాహ్నం దాటాక చెంగయ్య బయల్దేరాడు. హజరత్తయ్య ఆటో దాకా వెంట వెళ్లాడు.

“ఎందుకురా అట్ట చెప్పినావు?”

“అంతమందిలో ఇంకెట్ట చెప్పమంటావు?”

“నేను రాలేదురా. చిన్నోడు పోయినప్పుడూ రాలేదు, ఎప్పుడూ రాలేదు. నువ్వే పోయినావనుకోని కూడా రాలేదు.” చెప్పేశాక ఏడుపొచ్చింది ఆయనకు.

“తెలుసులే” అన్నాడు చెంగయ్య. “పోయినేడు మా ఇంటిది పోయింది. ఆస్పత్రిలో ఉన్నప్పుడు పొద్దుపోక మన బడి కతలన్నీ చెప్తా ఉంటి దానికి. నెత్తళ్లు తినేస్తివి చూడు, ఆ కత చెప్తే నవ్వేది. పెద్దకర్మ దాకా నువ్వొస్తావేమోనని చూసినా.”

“నాకెవరూ చెప్పలేదురా!”

“మా వదిన జాకెట్లు కుట్టించుకోను వచ్చినప్పుడు చెప్పబోయిందంట. నా పేరు ఎత్తేసరికి, మళ్లీ రామ్మా అని నువ్వు పంపించేసినావంట.”

హజరత్తయ్యకు ఆమె గుర్తుంది. గుమ్మంలో ఇంకా ఏదో చెప్పాలని నిలబడితే, తాను మిషను మోత పెంచిన సంగతీ గుర్తుంది. ఇంటామె ఏడ్చిందని తాను ఫోన్లో రాసుకున్న రోజుకి ఆ ఇంట్లో ఆ మనిషే లేదు.

ఆటో నిండింది. చెంగయ్య ఎక్కి కూర్చుని, చొక్కా సర్దుకున్నాడు. మొహంలో కోపం లేదు, వెటకారం లేదు.

“సరే హజరత్తా. నేను పోయినప్పుడు మాత్రం నిజంగా రా.”

వస్తానంటే నువ్వు పో అన్నట్టుంటుంది. రానంటే ఇంతకాలం చేసింది ఇకముందూ చేస్తానన్నట్టుంటుంది. రెండింటిలో ఏ మాటా నోట్లోంచి రాకముందే ఆటో కదిలిపోయింది.