కూత మధ్యలో స్పీకరు

చేతికందిన గెలుపును నోటితో పోగొట్టుకున్నవాణ్ణి మీరెప్పుడైనా చూశారా? లేదంటే నన్ను చూడండి. మా నాయన కళ్లెదుటే, ఊరంతా నవ్వేటట్టు, ఒక్క ఊపిరిలో నా కొంప నేనే కూల్చుకున్నాను.

అప్పుడు మనకు కర్నూలు రాజధాని. అక్కడి శాసనసభలో ఎవరు ఎవరిని ఏమన్నారో పొద్దున పేపర్లో చదివి, మధ్యాహ్నానికల్లా మా అనంతపురం కుర్రాళ్లం కాలేజీ వరండాలో అదే పోట్లాట మళ్లీ మొదలుపెట్టేవాళ్లం. ఈ గోల భరించలేక మా అధ్యాపకులు ఒక నమూనా శాసనసభ పెట్టించారు. గొంతు పెద్దదని నన్ను స్పీకర్ని చేశారు. బుర్ర సంగతి ఎవరూ అడగలేదు.

ప్రతిపక్ష నాయకుడు బుక్కరాయసముద్రం ఖాజా. చర్చ సర్కారు ఆసుపత్రుల మీద.

"అధ్యక్షా! జరమొచ్చినా, కాలిరిగినా ఒకటే ఎర్రనీళ్లు పోస్తాండారు. సీసా గూడా మనమే తీసకపోవల్ల! ఇదేం న్యాయం?"

"గౌరవ సభ్యులు కూర్చోండి!"

"మంత్రిని జవాబు చెప్పనీ, కూసుంటా."

"స్పీకరు లేచినప్పుడు సభ్యులు కూర్చోవాలని నిబంధన. కూర్చోండి!"

ఖాజా కూర్చున్నాడు. ఆహా, ఆ సుఖం ఏమని చెప్పను! వారం రోజులు సభ నడిచింది. వారం రోజులూ అతను లేవడం, నేను కూర్చోబెట్టడం. చివరికి హాస్టల్లో ఎవరైనా రెండో ముద్ద సంగటి కోసం లేచినా "కూర్చోండి!" అనేవాణ్ణి. ఒకనాడు వంటాయన గరిటె ఎత్తి, "ఏమప్పా, కూసుంటే సంగటి నడిచొస్తాదా?" అన్నాడు. అప్పుడైనా నాకు బుద్ధి రావలసింది.

ఆ మరుసటి వారమే చెడుగుడు ఫైనలు. మా బి.ఏ. జట్టుకు నేను నాయకుణ్ణి, బి.ఎస్సీ.కి ఖాజా. గెలిచిన నాయకుడే కాలేజీ జట్టుకు కెప్టెన్. నేను మహా తెలివిగలవాణ్ణి గదా, ఆట జరగకముందే పామిడిలో ఉన్న మా నాయనకు "నేను కెప్టెన్ అయినాను" అని కార్డు రాసేశాను. ఆయన సంతోషం పట్టలేక బస్సెక్కి వచ్చి, తలగుడ్డ సర్దుకుని ముందు వరసలో కూర్చున్నాడు. ఆయన్ని చూడగానే నాకు కార్డు గుర్తొచ్చింది. ఇక గెలిచి తీరాల్సిందే.

ఆఖరి కూత. రెండు జట్లూ సమానం. ఊపిరి బిగబట్టి "చెడుగుడు చెడుగుడు" అంటూ పోయి, ఎవర్నో కాదు, ఖాజానే తాకాను! వాళ్ల చేతులు తప్పించుకుని వెనక్కి తిరిగాను. గీత రెండడుగులు. ఆట మాది, పదవి నాది, కార్డు నిజం. అంతలో వెనక నుంచి గొంతు వినబడింది.

"అధ్యక్షా! ఆసుపత్రి మందుల సంగతి తేలనే ల్యా!"

పరుగెత్తేవాణ్ణి టక్కున ఆగాను. నిటారుగా నిలబడి చెయ్యెత్తాను.

"ఆ చర్చ ముగిసింది. గౌరవ సభ్యులు కూర్చోండి!"

ఖాజా ఆ మట్టిలోనే బాసింపట్టు వేసుకుని, చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

డ్రిల్లు మాస్టారు ఈల ఊదారు. "కూత తెగిపాయ! అవుట్!"

"సార్, ఖాజా ఆట మధ్యలో మాట్లాడినాడు సార్!"

"కూతకు పోయినోడు మాట్లాడగూడదు. అవతల నిలబడినోడు మాట్లాడగూడదని యాడుండాది? నువ్వే చెప్పప్పా, రూల్సన్నీ నీకే తెలుసంట గదా!"

తెలుసు. అదే నా బాధ. ఒక్క పాయింటుతో గెలుపు వాళ్లది, కెప్టెన్ పదవి ఖాజాది. సిగ్గుతో తల వంచుకుని నాయన దగ్గరకు పోయాను. కార్డు గురించి తిడతాడనుకున్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు.

"ఓడినావు, సరేలే. ఒకటి చెప్పురా. నువ్వు ఒక్క మాటంటే ఆ పిల్లోడు మట్టని గూడా సూడక కూసున్యాడే! పుస్తకం ముందర కూసోరా అని నేను పదైదేండ్లుగా చెప్తాండా. నువ్వు ఒక్కనాడన్నా కూసున్యావా?"

నేను అక్కడే చతికిలబడ్డాను.

అందువల్ల పాఠక మహాశయుల సమక్షంలో ప్రమాణం చేస్తున్నాను: ఊపిరి బిగబట్టి ఉన్నప్పుడు ఏ గౌరవ సభ్యుడు లేచి ఏమడిగినా, నీళ్లలో మునుగుతున్నా సరే, నేను నోరు తెరవను. మా జిల్లాలో మునిగేటన్ని నీళ్లు దొరకవు గనక ఈ ప్రమాణం ఇంతవరకు చెక్కుచెదరలేదు.