మాలలో ఉన్నన్నాళ్ళూ మా నాన్న నన్ను తిట్టలేదు

ఆ రోజుల్లో నాకు తెలివితేటలు కాస్త ఎక్కువండీ. ఇరవై మూడేళ్ళ వయసులో ఎవరికైనా ఎక్కువే ఉంటాయనుకోండి, నావి మాత్రం ఎక్కడ దాచుకోవాలో తెలియనంత ఉండేవి. మా నాన్నకి తాడేపల్లిగూడెంలో ఎరువుల కొట్టు. కొట్టుకొచ్చిన రైతుల్ని "ఏవండీ, రండి, కూర్చోండి, మంచినీళ్ళు తాగండి" అని ఎంతో మెత్తగా పలకరించే ఆ మనిషి, ఇంట్లో మమ్మల్ని తిట్టడం మొదలెడితే ఆపడం ఎవరి తరమూ కాదు. "వెధవాయ్"తో మొదలుపెట్టి, "అడ్డగాడిద" మీదుగా "నీకంటే యూరియా బస్తా నయం, చల్లితే చేనైనా పచ్చబడుతుంది" దాకా వెళ్ళేవారు. అలా దులిపేసిన అరగంటకి అమ్మ దగ్గరికెళ్ళి గొంతు తగ్గించి "వాడు తిన్నాడా?" అని అడిగేవారు. మేం తినకుండా ఆయన ఏనాడూ కంచం ముందు కూర్చోలేదు.

ఇంత నోరున్న మనిషీ కార్తీకమాసంలో అయ్యప్ప మాల వేసుకున్నారంటే పూర్తిగా మారిపోయేవారు. పద్దెనిమిదేళ్ళుగా మా వీధికి ఆయనే గురుస్వామి. దీక్ష నలభై ఒక్క రోజులూ కొట్టు వెనక షెడ్డులో మాల వేసుకున్నవాళ్ళందరికీ మధ్యాహ్నం భిక్ష (అంటే భోజనమేనండీ, అడుక్కోవడం కాదు). వంట అమ్మది, వడ్డన నాన్నది, ఆఖర్న ఎంగిలి విస్తళ్ళు ఎత్తడమూ నాన్నదే. "ఎవరో ఒకరు ఎత్తుతారు కదండీ" అని అమ్మంటే, "ఆ పనొక్కటీ నాకు వదిలెయ్ మాతా" అనేవారు. (దీక్షలో ఆడవాళ్ళందరూ మాతలే. మాల తీసిన మర్నాటి నుంచి అమ్మ మళ్ళీ "ఏమేవ్".) మెడలో మాల ఉంటే చాలు, ఎవరైనా ఆయనకి సాక్షాత్తూ స్వామే. పల్లెత్తు మాట అనరు, వయసు చూడకుండా పాదాలకి దండం పెడతారు.

నా తెలివి పనిచేసింది సరిగ్గా ఇక్కడే. అప్పట్లో నాకు ఆకివీడులో ఒక ఐసు ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ ఉద్యోగం. ఓనరుగారు నాన్నకి స్నేహితుడు, ఆయన్ని అందరూ గడ్డబాబుగారనేవారు. నాన్న బతిమాలితేనే నన్ను పెట్టుకున్నారు. కార్తీకమాసం మొదట్లో ఒకరోజు నేను టీవీలో క్రికెట్ చూస్తూ ఐసు లోడు సంగతి మర్చిపోయాను. కొల్లేటి చెరువుల నుంచొచ్చిన చేపల లారీ రెండు గంటలు ఎండలో నిలబడిపోయింది. గడ్డబాబుగారు డ్రైవర్లందరి ముందూ నన్ను కడిగి పారేశారు. నాన్న తిడితే పడతాను గానీ పరాయివాళ్ళంటే పడే రకాన్నా నేను? చెప్పాపెట్టకుండా మానేసి బస్సెక్కాను. భీమవరం దాటేసరికి రోషం దిగిపోయి భయం ఎక్కింది. నాన్నకి ఏ మొహం పెట్టుకుని చెప్పాలి? మర్నాడు పొద్దున్నే ఏలూరు వెళ్ళి, అక్కడో గురుస్వామి చేత మాల వేయించేసుకున్నాను. నలభై ఒక్క రోజులు నన్నెవరూ ఏమీ అనలేరు, ఈలోగా ఇంకో ఉద్యోగం చూసుకుంటే సరి. అబ్బ, ఏం బుర్రరా నాది అనుకున్నాను.

నల్లబట్టలతో వాకిట్లోకి వచ్చిన నన్ను చూసి నాన్న అలాగే నిలబడిపోయారు. తర్వాత గబగబా మెట్లు దిగొచ్చి, వంగి నా పాదాలకి దండం పెట్టారు. "స్వామియే శరణమయ్యప్ప! ఇన్నాళ్ళకి స్వామి మిమ్మల్ని పిలిచారా!" అంటుంటే ఆయన కళ్ళల్లో నీళ్ళు. కన్నతండ్రి నన్ను 'మీరు' అంటున్నాడు! నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

ఇక చూసుకోండి నా అవస్థ. తెల్లారగట్ల నాలుగింటికి చన్నీళ్ళు, కటికనేల మీద పడక, ఉల్లిపాయ లేని కూరలు. పైగా రోజూ ఉద్యోగానికి వెళుతున్నట్టు నటన. నాన్న స్వయంగా క్యారేజీ అందించి "స్వామీ, మీకు డ్యూటీకి ఆలస్యమవుతోంది" అనేవారు. నేను చెప్పుల్లేకుండా ఏలూరు వీధులన్నీ కొలిచి, స్టేషన్లో బెంచీ మీద కూర్చుని ఆ క్యారేజీ తిని, సాయంత్రం ఇంటికొచ్చేవాణ్ణి. ఒకసారి ఒక మామ్మగారు నా కాళ్ళకి దండం పెట్టి, "మా మనవడికి ఉద్యోగం వచ్చేలా దీవించండి స్వామీ" అన్నారు. "తప్పకుండా వస్తుందమ్మా" అని దీవించాను. ఇంక నవ్వాలో ఏడవాలో నాకే తెలియలేదు.

మూడో ఆదివారం భిక్షకి కూర్చున్నాను. నా పక్క విస్తరి ముందు ఎవరో నల్లబట్టల స్వామి వచ్చి కూర్చున్నారు. చూద్దును కదా, గడ్డబాబుగారు! మెడలో మాల.

"ఏం స్వామీ," అన్నారాయన ఎంతో మర్యాదగా, పప్పు కలుపుకుంటూ. "మా ఫ్యాక్టరీ మానేసి మూడు వారాలైంది కదా, ఇప్పుడెక్కడ చేస్తున్నారు స్వామీ?"

పంక్తిలో పది మంది స్వాములూ నమలడం ఆపేశారు. నాన్న చేతిలో గరిటె ఆగుతుందనుకున్నాను. ఆగలేదు.

"ఆ రోజు నేను నోరు జారాను స్వామీ," అన్నారు గడ్డబాబుగారు. "అప్పటికింకా మాల వేసుకోలేదు."

"తప్పు మా స్వామిదే అయ్యుంటుంది లెండి," అన్నారు నాన్న. "అప్పడం వేయమంటారా స్వామీ?"

ముగ్గురం మాలలో ఉన్నాం, ఒకరినొకరు ఒక్క మాట అనడానికి లేదు! భోజనాలయ్యాక నాన్న ఎప్పటిలాగే వరసగా అందరి పాదాలకీ దండం పెడుతూ వచ్చారు. నన్ను దాటేసి వెళ్ళిపోతారనే అనుకున్నాను. నా దగ్గరా వంగారు. నేను చటుక్కున కాళ్ళు లాక్కుని ఆయన చేతులు పట్టేసుకున్నాను.

"వద్దు నాన్నా. తిట్టండి. బుద్ధి గడ్డితిని అబద్ధం ఆడాను, తిట్టండి."

"మాలలో ఉన్న స్వామిని ఎలా తిడతాను?" అన్నారు. "తీశాక చూద్దాం."

ఆ రోజు విస్తళ్ళు నేనెత్తాను. నాన్న అడ్డు చెప్పలేదు. మిగిలిన రోజులన్నీ ఆ పని నాకే వదిలేశారు. శబరిమల కొండ ఎక్కుతున్నంతసేపూ నా చెయ్యి వదల్లేదు గానీ, "జాగ్రత్తండీ స్వామీ, రాయి ఉంది" అన్నప్పుడల్లా నాకు ప్రాణం చివుక్కుమనేది.

తిరిగొచ్చిన పొద్దున్న తన మాల తీసేశాక, నాన్నే నా మెడలో మాల తీశారు. కళ్ళకద్దుకుని పళ్ళెంలో పెట్టారు. అంతే.

"వెధవాయ్! ఉద్యోగం పోతే పోయింది, నాతో చెప్పడానికి నీకు భయమేంట్రా? నేనేమైనా పులినా? నువ్వు మాల వేసుకొచ్చిన సాయంత్రమే ఆ గడ్డబాబు ఫోన్ చేశాడు. అన్నీ తెలిసి రోజూ క్యారేజీ ఎందుకు కట్టించాననుకున్నావు? ఏ చెట్టు కింద కూర్చున్నా కడుపునిండా తింటావని కదరా, దున్నపోతా!"

అరగంట తిట్టారు. నేను ఏడుస్తూ నవ్వుతూ అన్నీ పడ్డాను. తర్వాత వంటింట్లోకెళ్ళి "వాడు కాఫీ తాగాడా?" అని అడగడం వినిపించింది. మర్నాడు నేనే ఆకివీడు వెళ్ళి గడ్డబాబుగారిని క్షమించమని అడిగాను. అక్కడే ఆరేళ్ళు చేశాను.

నాన్న పోయి మూడేళ్ళయింది. షెడ్డులో భిక్ష ఇప్పుడు నేనే పెడుతున్నాను, గురుస్వామి అని నాకే దండాలు పెడుతున్నారు. జుట్టు నెరిసింది, మర్యాద పెరిగింది. నేనేం తప్పు చేసినా చుట్టూ అందరూ "పర్లేదులెండి" అంటారు. అలాంటప్పుడు మా కొట్టు గోడౌన్‌లోకి వెళ్ళి తలుపు వేసుకుని, నాన్న పద్ధతిలో నన్ను నేనే తిట్టుకుంటూ ఉంటాను. ఎంత ప్రయత్నించినా రెండు తిట్లు దాటి ముందుకు పోవడం లేదండీ, నవ్వొచ్చేస్తోంది, వెంటనే ఏడుపూ వచ్చేస్తోంది.