పట్టుగుడ్డ కొళాయి

మొన్న మా అమ్మాయి ఇంట్లో వంటింటి కొళాయి కట్టేసినా కారుతూనే ఉంటే మేస్త్రీని పిలిపించారు. అతను పానాతో కొళాయి తల విప్పి, లోపల అరిగిపోయిన నల్లటి బిళ్లను గోటితో పెకలించి, చూడనైనా చూడకుండా కిటికీలోంచి అవతల పారేసి, సంచీలోంచి మరో బిళ్ల తీసి పెట్టి, బిగించి వెళ్లిపోయాడు. కాఫీ తాగినంతసేపు కూడా పట్టలేదు. నేను మాత్రం ఆ పూటంతా ఆ బిళ్ల గురించే ఆలోచిస్తూ కూర్చున్నాను. అటువంటి బిళ్లలు ఒకప్పుడు నా చేత్తో కోసినవాణ్ణి. అణా బిళ్లంత కూడా లేని ఆ తోలుముక్క కడప పట్టణంలో ఒక వీధిని ఎంత కలవరపెట్టిందో, ఇంకో వీధిని ఎంత ఎండబెట్టిందో కళ్లారా చూసినవాణ్ణి. మన ఈడువాళ్లకు ఇది కట్టుకథలా తోచదు కనుక మీకు చెబుతున్నాను.

మాది కోసిగి పక్కన ఒక పల్లె. మా నాయన తోలుపని చేసేవాడు. కపిల బావుల మీద ఎద్దులు నీళ్లు లాగే రోజులవి. ఆ నీటిని గట్టుకు చేర్చే తోలు తొండాలు చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ ఆయనే కుట్టేవాడు. ఆ ఊళ్లలో చేలకు పారిన నీరంతా మా నాయన కుట్టిన తోలులోంచి పారిందే, ఆ నీటితో పండిన గింజలే ఎంతో శుచి పాటించే ఇళ్లలోనూ వండుకున్నారు. అయినా తాగునీళ్ల బావి దగ్గర ఆయన చేద వేయకూడదు. ఎవరికైనా జాలి కలిగి పైనుంచి పోస్తే దోసిలి పట్టాలి, కలగకపోతే కలిగేదాకా నిలబడాలి. ఇందులోని పొంతన లేనితనం నాకు ఏ పుస్తకమూ చదవకముందే అర్థమైంది. పుస్తకాలు తర్వాత దానికి మాటలు మాత్రం ఇచ్చాయి.

వరసగా వానలు పోయి బావులు అడుగంటాయి. కపిలలు ఆగితే తొండాలతో ఎవరికి పని? ఊళ్లో సగంమంది ఏటా చేసినట్టే మూటలు కట్టుకొని పనులు వెతుక్కుంటూ పోయారు, చినుకు పడ్డాక తిరిగొచ్చారు. నేను తిరిగి రాలేదు. మా పనివాళ్ల సూదీ కత్తీ అయిన ఆరె, రంపె గుడ్డలో చుట్టుకొని కోసిగిలో రైలెక్కి, గుంతకల్లు మీదుగా వచ్చి కడపలో దిగాను.

కడప అప్పుడు పెరుగుతున్న ఊరు. కచేరీలు, వకీళ్లు, నూనె మిల్లులు, తోళ్ల మండీలు, వాటి చుట్టూ ఏడాదికో కొత్త వీధి. ఎవరిని కదిలించినా ఎక్కడినుంచో వచ్చినవాళ్లే. పట్టణంలో మనిషిని ముందు నీకేం పని వచ్చునని అడుగుతారు, కులం సంగతి ఆ తర్వాత అడుగుతారు. ఆ రెండు ప్రశ్నల మధ్య ఉన్న కాస్త ఎడంలోనే నాలాంటివాళ్లు కాళ్లు మోపి నిలదొక్కుకున్నారు. తోళ్ల మండీ నడిపే ఒక సాయిబు తన కొట్టు అరుగు మీద నాకు కూర్చోడానికి చోటిచ్చాడు. నా పేరు కంటే నా ఊరు పలకడం తేలికనుకున్నాడో ఏమో, మొదటిరోజే నన్ను కోసిగప్పా అన్నాడు. ఊరంతా దాన్నే పట్టుకుంది. అమీన్లకు చెప్పులు, పోలీసులకు బూట్లు కుట్టాను. పాదిరీల సాయంకాలం బడిలో చదువు నేర్చాను, అక్కడే చదివిన ఒక పిల్లను పెళ్లాడాను. ఆమె ఆదివారం గుడిలోకి పోతే నేను బయట రాతిమీద కూర్చొని పత్రిక చదువుకునేవాణ్ణి. ఊళ్లో ఏ వాదసభ జరిగినా వెనక వరసలో ఉండేవాణ్ణి, కొన్నాళ్లకు లేచి మాట్లాడటం మొదలుపెట్టాను, మరికొన్నాళ్లకు నన్ను కూర్చోబెట్టడం కష్టమైంది.

మేముండే వీధి ఊరి చివర, వంక గట్టున ఉండేది. కూలీలు, తోలుపనివాళ్లు, కొత్తగా మతం పుచ్చుకున్నవాళ్లు అక్కడ కాపురం. పైపుల నీళ్లు ఊళ్లోకి వచ్చి చాలా ఏళ్లైనా మా దాకా రాలేదు. ఎండాకాలం వంక ఇసుకలో చెలమలు తవ్వి, చిప్పతో తోడి కడవ నింపుకోవాలి. ఊరి మురుగంతా దిగేదీ ఆ వంకలోకే. ఒక వేసవిలో వాంతిభేది వచ్చి మా వీధిలో చాలామంది పోయారు. మా ఇంటామె చెల్లెలు, అప్పటికి పెళ్లి కుదిరిన పిల్ల, పొద్దున మంచం పట్టి సాయంత్రానికి పోయింది. అప్పటినుంచి అర్జీల మీద అర్జీలు రాశాను. చివరకు మా వీధికి ఒక కొళాయి వేశారు. పైపుకు అదే ఆఖరు కొస. నీళ్లు వదిలే వేళకు పైవీధులన్నీ పట్టుకోగా మిగిలిన ధార సన్నగా వచ్చేది. ఆ సన్నధారతోనే వాంతిభేది మా గడప తొక్కడం మానేసింది.

ఇంతలో యుద్ధం వచ్చింది. రబ్బరు కరువైంది, మద్రాసునుంచి రావలసిన కొళాయి సామాను ఆగిపోయింది. కొళాయిలు చూసే ఫిట్టరు, ఆర్కాటు వైపునుంచి వచ్చి స్థిరపడినవాడు, ఒకరోజు అరిగిపోయిన బిళ్ల ఒకటి తెచ్చి ఇట్లాంటివి కోసిపెడతావా అన్నాడు. దున్నతోలు నూనెలో నానబెట్టి, ఎండబెట్టి, గుండ్రంగా కోసిచ్చాను. బాగా పట్టాయి. అంతకుముందు మద్రాసునుంచి వచ్చినవాటిలోనూ సగం తోలువే. పెట్టెలో రైలెక్కి వచ్చాయి కనుక ఎవరూ అడగలేదు.

పైవీధుల్లో ఒకటి మహా నిష్ఠగల వీధి. అక్కడ ఫిట్టరు కొళాయి విప్పి బిళ్ల మారుస్తుంటే ఒక ముసలి విధవరాలు దూరంనుంచి చూస్తూ, అదేమిట్రా నల్లగా ఉంది అని అడిగింది. అతను పాపం మెచ్చుకోలుగానే చెప్పాడు. "తోలు బిళ్లమ్మా. కోసిగప్ప కోసినాడు. శానా గట్టిది, మళ్లీ రెండేండ్లు సూసుకోనక్కర్లే."

ఆ పూట ఆ వీధిలో పొయ్యి వెలగలేదు. మట్టికుండలు పగలగొట్టారు, ఇత్తడి బిందెలు చింతపండు పెట్టి మళ్లీ మళ్లీ తోమారు, పంచగవ్యం పుచ్చుకున్నారు. ఏళ్లతరబడి తాగి చక్కగా అరిగించుకున్న ఆ నీళ్లే వాళ్లకు ఆ మధ్యాహ్నం ఒక్కసారిగా మైలనీళ్లయ్యాయి. అయితే కొళాయి మానుకోవడానికి మనసొప్పలేదు. బావులకు మళ్లీ పోవాలంటే ఇళ్లలో ఆడవాళ్లు ఊరుకోరు. అప్పుడు ఆ వీధి పెద్ద, కచేరీలో పనిచేసి పింఛను పుచ్చుకుంటున్న పంతులుగారు, ఒక ఉపాయం చెప్పారు. పట్టుకు మైల లేదు కదా, తోలు బదులు పట్టు వేయిస్తే సరి. పాత మడిపట్టు చీరలు చించి, మడతలు వేసి, ఇంటి ఆడవాళ్లే బిళ్లలుగా కుట్టి ఇచ్చారు. ఫిట్టరు తల గోక్కుని, చెప్పింది చేశాడు. వీధిలోని కొళాయిలన్నిటికీ పట్టుగుడ్డ పడింది.

పట్టు నీటిని ఆపుతుందా? వారం తిరగకముందే ప్రతి కొళాయీ కారడం మొదలుపెట్టింది. నీళ్లు వదిలే వేళంతా ఆ వీధి ఏరులా పారేది, శుచిగా పారేది. పైన పారినదంతా కింద మాకు తగ్గింది. మా కొళాయి తిప్పితే బుస్సుమని గాలి వచ్చేది, ఆ తర్వాత అదీ రాలేదు. వేసవి ముదురుతున్నది. మా ఆడవాళ్లు చిప్పలు తీసుకొని మళ్లీ చెలమల దగ్గరికి పోయారు. మా ఇంటామె అయితే, చెల్లెలు పోయిన మంచం ఉన్న మూలవైపు చూడటం మానేసింది.

నేను నాకు తెలిసిన పని చేశాను. వాదసభలో ఈ సంగతి లేవదీసి, ఒంట్లో ఉన్న ఆవేశమంతా పోసి మాట్లాడాను. మృదంగం తోలు కాదా, దేవుడి ముందు మోగడం లేదా అన్నాను. చప్పట్లు మోగాయి. మూఢాచారాన్ని ఖండిస్తూ తీర్మానం కూడా నెగ్గింది. దాన్ని ప్రతిపాదించిన వకీలుగారు ఆ వీధిలోనే ఉండేవారు. వారి కొళాయిలోనూ పట్టుగుడ్డే ఉందనీ, తీర్మానం తర్వాత కూడా తీయలేదనీ ఫిట్టరు నాకు చెప్పాడు. ఇంట్లో అమ్మగారు ఒప్పుకోరట.

మా ఇంటామె తీర్మానాల మనిషి కాదు. ఒక ఉదయం వీధిలోని ఆడవాళ్లను వెంటబెట్టుకొని, కడవలతో ఆ నిష్ఠగల వీధికే పోయింది. నేనూ వెనకే వెళ్లి మలుపులో నిలబడ్డాను. వాళ్లు కొళాయిని ముట్టుకోలేదు. కారి రోడ్డుమీద పడే ధార కింద కడవ పెట్టారు, అంతే. పంతులుగారు గబగబా బయటికి వచ్చారు.

"ఏమ్మా, ఇదేం పని? మీ వీధిలో కొళాయి లేదా?"

"ఉండాది సామీ," అంది మా ఇంటామె. "దాంట్లో గాలి వస్తాండాది. గాలి తాగి బతికే వాళ్లం కాదు మేము."

"ఈడ ముట్టుకుంటే మేమేం కావాలి?"

"మేమేం ముట్టుకోలేదు సామీ. మీరు పారబోసినవి పట్టుకుంటాండాం. అదీ వద్దంటే చెప్పండి, మీ పట్టుచీర పిండుకొని పోతాం."

వెనకనున్న ఆడవాళ్లు నవ్వారు. ఆయన ఉత్తరీయం సర్దుకొని లోపలికి పోయారు. రోడ్డుమీద పారే నీటికి ఏ శాస్త్రంలోనూ హద్దు రాసిలేదు. మర్నాడూ వెళ్లారు, ఆ మర్నాడూ వెళ్లారు. ఆ వీధివాళ్లకు ఇప్పుడు రెండు కష్టాలు: వాకిట్లో బురద, ఆ బురదలో మా ఆడవాళ్లు.

అప్పుడొక మధ్యాహ్నం, ఎండకు దారిలో పురుగు కూడా తిరగని వేళ, పంతులుగారు గొడుగు వేసుకొని తోళ్ల మండీ ముందుకు వచ్చారు. నేను చేయిచాస్తే అందేంత దగ్గర్లో కూర్చొని ఉన్నాను. ఆయన నావైపు చూడకుండా సాయిబుతో మాట్లాడారు.

"సాయిబూ, రబ్బరు బిళ్లలని ఉంటాయట. అవి కోసిపెట్టమని అతనికి చెప్పు."

"రబ్బరు యాడిది సామీ ఇప్పుడు? అంతా యుద్ధానికి పోయె. ఈడ ఉండేది తోలే."

పంతులుగారు గొడుగు కర్ర ఒకసారి తిప్పారు. "అది రబ్బరే అనుకుందాం," అన్నారు.

సాయిబు నావైపు తిరిగి, ఎంతో దూరానున్నవాడికి కబురందించినట్టు చెప్పాడు. "ఏం కోసిగప్పా, రబ్బరు అనుకుందాం అంటాండాడు సామి."

నేనన్నాను: "ఆయనేమైనా అనుకోనీ. నేను అనను. నన్నెవరైనా అడిగితే తోలని చెప్తా."

అప్పుడు ఆయన మొదటిసారి నా మొహంలోకి చూశారు. "నిన్నెవరు అడుగుతారప్పా?" అన్నారు. కోపంగా కాదు, ఒక సంగతి తెలియజెప్పినట్టు అన్నారు. అని, గొడుగు సర్దుకొని వెళ్లిపోయారు.

ఆ సాయంత్రం మా ఇంట్లో పెద్ద వాదమే జరిగింది. నలుగురిలో తోలని ఒప్పుకుంటేనే బిళ్లలు కోస్తానని నా పట్టుదల. ఇన్నేళ్లకు ఒక అబద్ధం వాళ్ల చేతుల్లోనే పగిలింది, దాన్ని నేనే అతికించి ఇవ్వాలా అన్నాను. మా ఇంటామె జొన్నరొట్టె తడుతూ అంతా విన్నది. "నువ్వు గెలిస్తే ఆ గెలుపు కడవలో పోసుకోని తాగుతామా? నా చెల్లెలు పోయినప్పుడూ నువ్వు సభల్లో గెలుస్తానే ఉంటివి గదా, ఏమాయె?" అంది. మర్నాడు దున్నతోలు తీసి బిళ్లలు కోశాను. ఫిట్టరు పట్టు తీసి వాటిని బిగించాడు. మా కొళాయికి నీళ్లొచ్చాయి. నేను చూద్దామని దగ్గరికి పోతే, అడ్డంగా నిలబడొద్దు, వెనక శానామంది ఉండారు అని మా ఇంటామె నన్ను పక్కకు నెట్టింది.

ఆ తర్వాత నేను ఎదురుచూశాను. ఆ వీధివాళ్లలో ఒక్కరు వచ్చి, మా కొళాయిలో ఉన్నదేమిటని అడిగితే చాలు. జవాబు సిద్ధం చేసుకున్నాను. మొదట్లో అది ఒక ఉపన్యాసమంత ఉండేది, తర్వాత నాలుగు వాక్యాలకు వచ్చింది, చివరకు ఒక్క మాట మిగిలింది. ఎవరూ అడగలేదు. చెప్పులు తెగితే పనిమనిషి చేత పంపేవారు. ఆ ముసలి విధవరాలు బండిలో మండీ ముందునుంచి పోయేటప్పుడు మొహం అటు తిప్పుకునేది. పంతులుగారు అటుగా వస్తే గొడుగు మావైపు వాల్చేవారు. అందరికీ తెలుసు. అడగకపోవడమే వాళ్లు పాటించిన శుచి.

యుద్ధం ముగిసి, దేశానికి స్వరాజ్యం వచ్చిన రోజులకు నిజమైన రబ్బరు బిళ్లలు మళ్లీ అంగళ్లలోకి వచ్చాయి, నా బిళ్లల పని పోయింది. ఇప్పుడు ఆ వీధిలో లాడ్జీలు, బట్టల కొట్లు. ఆ ఇళ్ల మనుమలు తోలు బెల్టు పెట్టుకొని ఆఫీసులకు పోతారు, బస్టాండులో ఎవరు పోస్తే వారి చేతి నీళ్లు తాగుతారు. నేను కోరుకున్నది ఇదే, దీనికి నాకు సంతోషమే. కాని ఇది మనం వాదించి నెగ్గినది కాదు. ఎవరూ తప్పని ఒప్పుకోకుండానే, ఎవరూ ఎవరినీ అడగకుండానే, దానంతట అదే పోయింది. అలా పోయినది రేపు ఇంకో వేషంలో వస్తే గుర్తుపట్టగలరా అని నాకు అనుమానం.

పంతులుగారు పోయి చాలాకాలమైంది. ఆయన ఒక్కసారి అడిగి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. తోలే సామీ అనేవాణ్ణి. ఆయన మండిపడి ఉండవచ్చు, ఊళ్లో నన్ను తిట్టి ఉండవచ్చు. అయినా ఒకే ఊళ్లో, ఒకే పైపు నీళ్లు తాగి అన్నేళ్లు బతికిన మా ఇద్దరి మధ్య నిజమైన మాట ఒకటి జరిగి ఉండేది.