ఈ మాట ఎవరన్నారు?

రియాద్‌లోని ఓ ఆఫీసులో చిన్న దీవుల దేశాలకు కృత్రిమ మేధ సాయంతో విధాన నివేదికలు తయారుచేసే ఆండాళ్, తెరమీది ప్రతి వాక్యాన్నీ పెదవులు కదుపుతూ చదువుతుంది. పైన వేసుకున్న నల్లటి అబాయా అంచుతో కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదువుతుంది. ఆ రోజు ఒక దీవి నుంచి వచ్చిన అధికారిణి, నివేదికలో ఓ వాక్యం మీద వేలు పెట్టింది. సముద్రానికి అడ్డుగోడ కట్టడం కన్నా పల్లెను ఖాళీ చేయించడమే చవక అని ఉందక్కడ.

"మా అమ్మ ఆ పల్లెలోనే ఉంటుంది. ఈ మాట ఎవరన్నారు?"

"ఏఐ మోడల్ చెప్పిందని అనుండ్రి మేడం, అయిపోతది," ఆండాళ్ పక్క సీట్లో పనిచేసే జనార్దన్ ఆమెతో తెలుగులో గొణిగాడు.

"మోడల్‌తోని వాళ్లెట్ల కొట్లాడుతరు జనార్దన్?" అని, ఆండాళ్ అధికారిణి వైపు తిరిగింది. "అది రాసింది యంత్రమే. చదివి ఒప్పుకున్నది నేను."

అధికారిణి గొంతు పెంచింది. ఆండాళ్ తల దించుకోకుండా అంతా విన్నది. కోప్పడటానికి ఓ మనిషి దొరికినందుకేమో, కాసేపటికి ఆమె కుర్చీ దగ్గరికి లాక్కుని, వాళ్లమ్మ ఇంటి గురించి చెప్పడం మొదలుపెట్టింది.