సాయంత్రం సిస్టరు రాసిన కాగితం

కాన్పుల వార్డులో ఆ నర్సమ్మ కుదురుగా నిలబడగా చూసినవాళ్లు లేరు. కాలుగాలిన పిల్లిలా ఈ మంచం నుంచి ఆ మంచానికి తిరుగుతూనే ఉంటుంది. కాన్పు తేదీ దాటిపోయి, మందుతో నొప్పులు రప్పించాల్సిన ప్రతి గర్భిణికీ ఇరవై రెండేళ్లుగా ఒకటే పాట: "చిన్న మాత్రేనమ్మా, సాయంత్రానికల్లా బిడ్డ నీ ఒళ్లో ఉంటుంది." అందుకే ఆయాలు ఆవిడకు సాయంత్రం సిస్టరని పేరు పెట్టారు. ఏ సాయంత్రమో మాత్రం ఆవిడ ఏనాడూ చెప్పలేదు! చెప్పేవాడికి వినేవాడు లోకువ కదా.

ఈసారి ఆ మంచం మీదున్నది సొంత చెల్లెలు. తేదీ దాటి తొమ్మిది రోజులు. అక్క అదే పాట పాడి ఒప్పుకోలు పత్రం మీద సంతకం పెట్టించుకుంది. సాయంత్రం వచ్చింది, పోయింది. మర్నాడు పొద్దున మళ్లీ మాత్ర, ఆపైన సెలైన్‌లో మందు. నొప్పులు ఒక్కసారిగా విరుచుకుపడ్డాయి. చెల్లెలు మంచం కమ్మీ పట్టుకుని అరిచింది.

"బిడ్డకేదో అయింది కదూ? మీరంతా దాస్తున్నారు!"

"పిచ్చిదానా, ఏం కాలేదే. చాలామందికి రెండ్రోజులు పడుతుంది."

"ఆ ముక్క ముందే చెప్పడానికి నోరు రాలేదా అక్కా?"

మధ్యాహ్నానికి ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం. కానీ చెల్లెలు అక్కతో మాటలు మానేసింది. పాప బరువెంతో కూడా వేరే నర్సునే అడిగింది.

అక్కకు అన్నం సహించలేదు. వారం రోజులు బాలింతల మంచాల చుట్టూ తిరిగి, "మేం మీకు చెప్పకుండా దాటేసిందేంటమ్మా?" అని అడిగి అడిగి, గర్భిణులకు ముందే ఇవ్వడానికి ఒక కాగితం తయారుచేసింది. రెండు మూడు రోజులు పట్టొచ్చు, మందు నొప్పులు ఎక్కువగా ఉండొచ్చు, మాటిమాటికీ లోపల పరీక్ష చేస్తారు, ఒక్కోసారి ఫలించక ఆపరేషన్ దాకా వెళ్లొచ్చు. పెద్ద డాక్టరమ్మ చూసి, "ఇంత చెబితే బెదిరిపోతారు" అంది.

"చెప్పకే బెదిరిపోయారండీ," అని ఎన్నడూ లేనిది ఎదురు చెప్పి, కాగితం పట్టుకుని చెల్లెలింటికి పరుగెత్తింది.

చెల్లెలు చదివినంతసేపూ ఆవిడ గుమ్మంలో చీర కొంగు మెలిపెడుతూ నిలబడింది.

"అన్నీ ఉన్నాయి," అంది చెల్లెలు, పాపను భుజం మార్చుకుంటూ. "కొన్నాళ్లు ఆగి చూస్తాననో, నాకొద్దనో అనొచ్చని ఎక్కడుంది? నువ్వు నన్ను అడగలేదక్కా. సంతకం ఎక్కడ పెట్టాలో చూపించావు, అంతే."

ఇరవై రెండేళ్లలో ఆవిడకు ఆ సంగతి తట్టనే లేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"తప్పయిపోయిందే."

చెల్లెలు పాపను అక్క చేతుల్లో పెట్టి చెయ్యి చాచింది.

"పెన్నివ్వు. అది మొట్టమొదట ఉండాలి. నేను రాస్తా."