సున్నా రాయి కాడి హన్మయ్య మామ

హన్మయ్య మామకు ఉన్నది ఒకే ఒక్క రోగం. ఏ సంగతైనా సరే, సున్నా నుంచి మొదలుపెట్టందే చెప్పలేడు. ఆయన సున్నా లెక్కల పుస్తకంలోది కాదు. ఉప్పల్ మెయిన్ రోడ్డు మీద సెల్‌ఫోన్ రిపేరు దుకాణం ముందు మోకాలెత్తు రాయి ఒకటి ఉంది. ఏటిగడ్డ రోడ్డు అక్కడ పుట్టి, రెండు కిలోమీటర్ల నాలుగు వందల మీటర్లు వంకరటింకరగా నడిచి, మూసీ ఒడ్డున తుంగలోకి పోయి ఆగిపోతుంది. ఆ రాయే సున్నా బై సున్నా. లోకంలో ఏ దూరమైనా అక్కడి నుంచే కొలవాలని మామ నమ్మకం.

ఆయన రోడ్ల డిపార్ట్‌మెంటులో గ్యాంగు మేస్త్రీగా పనిచేశాడు. పదిమంది కూలీలను వెంటేసుకుని గుంతలు పూడ్చడం, తారు పోయించడం, రాళ్లకు సున్నం కొట్టించడం ఆయన పని. ముప్పై ఆరేళ్లూ ఈ ఒక్క రోడ్డు మీదే గడిపాడు. రిటైరై ఎనిమిదేళ్లయింది గానీ, ఆ సంగతి ఆయనకు ఎవరూ గట్టిగా చెప్పినట్టు లేరు. పొద్దున లేస్తే చంకలో నోటుబుక్కు, చేతిలో కొలతల టేపు.

ఆరేళ్ల కిందట మల్లాపూర్‌లో లేత్ షాపు సూపర్‌వైజర్‌గా చేరి, కిరాయి ఇల్లు వెతుక్కుంటూ ఈ రోడ్డెక్కాను. ఎదురుపడ్డ మొదటి మనిషి ఈయనే.

"పెద్దయ్యా, ఈడ టులెట్ ఇల్లు ఉన్నదంట. ఏడనో జర చెప్తవా?"

"ఉన్నది. సున్నా బై ఎనిమిదిల, ఎడమ పక్క. రా, సూపిస్త" అంటూ నన్ను వచ్చిన దారినే వెనక్కి నడిపించాడు.

"ఇటెందుకు పోతున్నం? ముందట లేదా?"

"ముందటనే. గని సున్నా కాడికెల్లి రావాలె గద!"

సున్నా బై రెండంటే రాయి నుంచి రెండు వందల మీటర్లు, సున్నా బై ఎనిమిదంటే ఎనిమిది వందలు, ఒకటి బై రెండంటే కిలోమీటరు మీద రెండు వందలు. ఆ లెక్క, దానితోపాటు రోడ్డు పుట్టుపూర్వోత్తరాలు విని, గంటన్నరకు ఇల్లు చేరాను. చూస్తే, మేం మొదట నిలబడి మాట్లాడుకున్న చోటికి సరిగ్గా ఎదురుగా ఉంది. నా కాళ్లు లాగేస్తుంటే బేరమైనా ఆడకుండా ఆ ఇంట్లోనే దిగిపోయాను. అప్పటి నుంచి పిలుపు వరసకు ఆయన నాకు మామ, నేను ఆయనకు అల్లుడిని.

ఇంట్లో ఆయన భార్య దుర్గమ్మ అత్తది ఇంకా పెద్ద కష్టం. ఒకరోజు పొయ్యి మీద కూర పెట్టి కేకేసింది. "ఓ మనిషీ, ఉప్పు డబ్బా ఏడ వెట్టినవ్?"

"తలుపు సున్నా అనుకో. ఆడికెల్లి కుడి పక్కన నాలుగు అడుగులు..."

"నీ అడుగులు అగ్గిల వడ! కూర మాడుతుంది!"

ఆ పూట వాళ్లింట్లో ఉప్పులేని కూరే. మామ మాత్రం సంతోషంగా తిన్నాడు, కొలత తప్పలేదు కదా.

కూతురు దీప పెళ్లికి శుభలేఖలు తనే దగ్గరుండి అచ్చు వేయించాడు. ఫంక్షన్ హాలు అడ్రసు దగ్గర "ఏటిగడ్డ రోడ్డు, 1/2, కుడి పక్క" అని వేయించాడు. భువనగిరి చుట్టాలు కొందరు దాన్ని ఫిబ్రవరి ఒకటో తారీఖు అనుకుని సంచులతో దిగారు. పెళ్లి పంతొమ్మిదిన. వచ్చినవాళ్లను పొమ్మనలేక దుర్గమ్మ అత్త పద్దెనిమిది రోజులు వంట చేసి పెట్టింది. "అచ్చు సక్కగనే ఉన్నది, వాళ్లే సక్కగ సదువలే" అని మామ ఇప్పటికీ వాదిస్తాడు.

ఇక రోడ్డు చరిత్ర. ఇది నేను ఇప్పటికి నలభై మూడుసార్లు విన్నాను, నిద్రలో లేపినా చెప్పగలను. ఒకప్పుడు ఇది మూసీ ఒడ్డు నుంచి పచ్చిగడ్డి బండ్లు వచ్చే బాట. గడ్డి పట్నంలో బర్రెలకు పోయేది. ఒక ఏడు ఎవరో మంత్రిగారు ఏరు చూడ్డానికి వస్తున్నారంటే తొమ్మిది రోజుల్లో రోడ్డు వేశారు. మంత్రిగారు రాలేదు. రోడ్డు మాత్రం ఉండిపోయి, సర్కారు రిజిస్టర్లోకి ఎక్కింది. తర్వాత చుట్టూ ఉన్న గల్లీలన్నీ మున్సిపాలిటీ కిందికి పోయినా ఇదొక్కటి సర్కారుదిగానే మిగిలింది. సున్నా బై నాలుగు దగ్గర ఎనభై మూడులో రోడ్డు రోలరు బురదలో కూరుకుపోయింది. అది ఇంకా కిందనే ఉందని మామ అంటాడు. ఒకటి బై రెండు దగ్గర రోడ్డు ఎందుకు వంగిందో తెలుసా? సున్నం గీత కొట్టిన రోజు అక్కడ ఓ బర్రె పడుకుని ఉంది. లేపితే పొడుస్తుందని దాని చుట్టూ గీత కొట్టారు. బర్రె సాయంత్రం లేచి పోయింది, వంపు మాత్రం లేవలేదు.

మామ రాళ్లకు ఎంత ముద్దుగా సున్నం కొడతాడంటే, ఓసారి కిలోమీటరు రాయికి ఎవరో పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టి పోయారు. మామ ఆ రాయి దగ్గర రెండు రోజులు కాపలా కూర్చున్నాడు. "ఇది దేవుడు గాదమ్మా, కిలోమీటరు!" అని వచ్చేపోయేవాళ్లకు చెప్పుకున్నాడు. ఒకామె భక్తిగా విని, ఆయన కాళ్లకు కూడా మొక్కి వెళ్లింది.

ఇదంతా నవ్వులాటే. మాకు నిజంగా ఒళ్లు మండే సంగతి ఇంకోటి ఉంది. రెండేళ్లకోసారి రోడ్ల శాఖ నుంచి సర్వే వస్తుంది. రోడ్డు పక్క సర్కారు జాగాలో ఎవరెవరు ఏమేం కట్టుకున్నారో రాసుకుని, ఎర్ర రంగు గుర్తులు వేసి, తర్వాత తీసేయిస్తారు. ఒకటి బై ఆరు దగ్గర సారలమ్మ హోటల్ ఉంది. హోటల్ అంటే రేకుల షెడ్డు, రెండు బెంచీలు. మల్లాపూర్, నాచారం ఫ్యాక్టరీలకు పోయే మాలాంటి వాళ్లకు జొన్నరొట్టె, పచ్చిపులుసు అక్కడే. ఆమెకు ముందూ వెనకా ఎవరూ లేరు, ఆ షెడ్డే బతుకు. గుర్తు పడిందంటే ఆమె రోడ్డు మీదే.

అలాంటిది, సర్వేవాళ్లు రాగానే అందరికంటే ముందు ఉరికేది హన్మయ్య మామ. "రాండ్రి సార్, నేను సూపిస్త" అని చుట్టాలను పిలిచినట్టు పిలుస్తాడు. ఒకసారి నేనే ఉండబట్టలేక అడిగాను. "ఏంది మామా, సారలమ్మ పొట్ట కొడ్తవా ఏంది?"

"రూలు రూలే అల్లుడా. సర్వే అంటే సున్నా కాడికెల్లి సక్కగ జరగాలె" అన్నాడు. ఆ రోజు నుంచి నెలరోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆయన మాత్రం నాతో మాట్లాడుతూనే ఉన్నాడు.

అదృష్టం కొద్దీ వచ్చిన ప్రతి సర్వే మధ్యలోనే ఆగిపోయేది. రోలరు కథ దగ్గర ఒక సారుకు తలనొప్పి, బర్రె కథ దగ్గర ఇంకో సారుకు ఆకలి. "మిగతా భాగం యథాతథం" అని రాసి జీపెక్కేవారు. సారలమ్మకు దేవుడున్నాడని మేం అనుకునేవాళ్లం.

ఈ ఏడు ఎండాకాలంలో సర్వేకు కొత్త ఇంజనీరు, ఏఈ భాగ్యశ్రీ మేడం వచ్చింది. పాతికేళ్లుంటాయి, తలకు టోపీ, చేతిలో రెండు లీటర్ల నీళ్ల సీసా. వెంట వచ్చిన మనిషి చేతిలో ఎర్ర రంగు డబ్బా. ఆదివారం కావడంతో నేను దొరికిపోయాను. టేపు అవతలి కొస పట్టుకునే పని నాకు పడింది.

"మేడం, సున్నా కాడికెల్లి మొదలు పెడ్దాం" అన్నాడు మామ.

"అవునండీ, అలాగే చెయ్యాలి. మా నాన్నగారు రైల్వేలో ట్రాక్ మీద పనిచేసేవారు. నేను కిలోమీటరు రాళ్ల మధ్యే పెరిగాను. తొందరేం లేదు, ఈ రోజంతా దీనికే పెట్టుకున్నాను. మొత్తం చెప్పండి హన్మయ్యగారూ."

మామ మొహం చాటంతైంది. ముప్పై ఆరేళ్ల సర్వీసులో, ఆ తర్వాత ఎనిమిదేళ్లలో "మొత్తం చెప్పండి" అన్న మొదటి మనిషి! మంత్రిగారి కథ చెప్పాడు, ఆమె నోట్ చేసుకుంది. రోలరు కథ చెప్పాడు. "ఎన్ని టన్నుల రోలరండీ?" అని అడిగింది. ఇదివరకు ఎవరూ అడగలేదు. మామ గాలిలో తేలుతూ నడిచాడు.

ఒకటి బై సున్నా దాటాక నడక మందగించింది. బర్రె వంపు దగ్గర బర్రె కథ మూడుసార్లు చెప్పాడు. మూడోసారి బర్రెకు దూడ కూడా పుట్టింది. మేడం మూడుసార్లూ నవ్వింది. మామ నుదుటి మీద చెమట కారుతోంది. ఒకటి బై నాలుగు దగ్గర ఠక్కున ఆగాడు.

"మేడం, సున్నా కాడ ఒక ముచ్చట మర్చిన. వాపస్ పోదామా?"

ఇంకెవరైనా అయితే జీపెక్కి పోయేవాళ్లే. "అయ్యో, పదండి. మధ్యలో వదిలేస్తే ఎలా?" అందామె.

మండుటెండలో పధ్నాలుగు వందల మీటర్లు వెనక్కి, మళ్లీ అంత ముందుకు. మధ్యాహ్నం మూడింటికి మళ్లీ ఒకటి బై నాలుగు దగ్గరికి వచ్చేసరికి మేడం మల్లెపువ్వులా ఉంది. నేను, రంగు డబ్బా మనిషి మాత్రం వడలిన తోటకూర కాడలమయ్యాం. మామను పక్కకు లాగాను.

"ఏందే మామా నీ లొల్లి? పానం తీస్తున్నవ్!"

"అల్లుడా, ఆ హోటల్ షెడ్డు సారలమ్మది గాదు, డిపార్ట్‌మెంటుది. మా గ్యాంగు పారలు, తార్ డబ్బలు పెట్టుకునెటోళ్లం. సారలమ్మ పెనిమిటి పోశయ్య మా గ్యాంగులనే పనిజేసెటోడు. ఆయన పోయినంక తాళంచెవి తీసి నేనే ఆమె చేతుల వెట్టిన. కాయితం లేదు, హుకుం లేదు. సర్కారు సొత్తు దానం జేసిన. ఇరవై రెండేండ్లు ఎవ్వల్ని ఈ రాయి దాటనియ్యలే. గీ పోరి దాటుతుంది."

నాకు సిగ్గేసింది. నలభై మూడుసార్లు విన్న ఆ సుత్తి వెనక ఇంత కథ ఉందని ఒక్కసారి కూడా అనుకోలేదు. పొట్ట కొడుతున్నావని తిట్టిన నోరు నాదే. అప్పటికే మేడం హోటల్ బెంచీ మీద కూర్చుని రొట్టె అడుగుతోంది.

మేమిద్దరం వెళ్లేసరికి ఆమె పులుసు జుర్రుతూ తలెత్తింది. "హన్మయ్యగారూ, ఇక్కడి చరిత్ర ఏంటండీ?"

"ఈడ... ఈడ ఏం లేదు మేడం. ఈ జాగకు చరిత్రనే లేదు" అన్నాడు మామ. నాకు తెలిసి ఆయన ఆడిన మొదటి అబద్ధం. అది ఎలా ఆడాలో కూడా తెలియక, ఆకాశం వైపు చూస్తూ ఆడాడు.

"ఎందుకు లేదే అన్నా!" పొయ్యి దగ్గర నుంచి సారలమ్మ గట్టిగా అందుకుంది. "ఇది మీ రోడ్డోళ్ల షెడ్డే మేడం. మా ఆయన సచ్చిపోతే హన్మయ్యన్ననే తాళం దెచ్చి నా చేతుల వెట్టిండు. గింత మంచి పని జేసి, చెప్పుకోనీకి ఏం సిగ్గే నీకు?"

మామ బెంచీ మీద కూలబడ్డాడు. "నిజమే మేడం. నా పింఛను ఆపుతరో, జైల్ల వేస్తరో, నన్ను వెయ్యిన్రి. ఆమెకు ఎరుక లేదు. ఆమెను జర ఇడిసిపెట్టున్రి."

భాగ్యశ్రీ మేడం చేయి కడుక్కుంది. ఫారం తీసి మొదటి నుంచి చివరిదాకా చదివింది. తర్వాత అడిగింది. "ఇది మన డిపార్ట్‌మెంటు షెడ్డని ఖాయమేనా?"

"ఖాయమే. ఆ మూల రేకు మీద డిపార్ట్‌మెంటు నంబరు కూడ ఉన్నది."

"మరి ఇన్నాళ్లూ ఎందుకు దాచారండీ? నేను రాయాల్సింది ప్రైవేటు ఆక్రమణలు. ఇది మనదే అయితే ఆక్రమణ ఎలా అవుతుంది? మనల్ని మనమే ఆక్రమించుకుంటామా?"

మామ లేచి, మూల రేకు మీది నంబరును వేలితో తడిమి చూసుకున్నాడు.

"మన షెడ్డును మనమే తీసెయ్యాలంటే దానికి వేరే ఫైలు పెట్టాలి. ఆ ఫైలు సున్నా నుంచి మొదలవ్వాలి. మా ఆఫీసులో సున్నా నుంచి ఒకటికి రావడానికి ఎన్నేళ్లు పడుతుందో నాకంటే మీకే బాగా తెలుసు" అంటూ ఫారంలో ఒక్క ముక్క రాసింది. "1/6. శాఖ వారి షెడ్డు. బాగున్నది."

"మరి లోపల నేనున్న గద బిడ్డా?" అంది సారలమ్మ భయంగా.

"ఇందులో మనుషుల కాలమ్ లేదండీ. ఇంకో రొట్టె వెయ్యండి."

ఒక్క ముక్కలో తేలిపోయే దానికి ఇరవై రెండేళ్లు గొంతు అరగదీసుకున్నాడు మామ. నేను పడీపడీ నవ్వాను. సారలమ్మకు ఏం జరిగిందో సగమే అర్థమై, సగానికే నవ్వింది. మామ మాత్రం తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ, తుడుచుకుంటూ, ఎంతకీ తీయలేదు.

మేడం లేచి టోపీ పెట్టుకుంది. "ఇంకా ఎనిమిది వందల మీటర్లుంది. ఏటి దాకా పదండి. ఒకటి బై ఎనిమిది కథ చెప్పండి."

మామ తువ్వాలు దించి తల గోక్కున్నాడు. నోటుబుక్కు తిరగేశాడు. మళ్లీ తల గోక్కున్నాడు.

"మేడం, తార్ అయితే ఏటి దాక పోసిన. గని ఈ రాయి దాటి ఎవ్వల్ని తీస్కపోలే గద. ముందటి కథ నేను తయారు జేస్కోలే. రేపు రాండ్రి, సదువుకొని వస్త."

మర్నాడు పొద్దున ఆరింటికి డ్యూటీకి బయల్దేరి, మామ సంగతి చూద్దామని బండి ముందు ఏటి వైపు తిప్పితే, రోడ్డు చివర మూసీ ఒడ్డున ఆయన కనిపించాడు. గడ్డి కోసేవాళ్లను నిలబెట్టి నోటుబుక్కు తెరిచి బతిమాలుతున్నాడు.

"ఈడ ఎప్పుడన్న ఏదన్న అయ్యిందా? జర యాది జేస్కోరాదుండ్రి. పదింటికి మేడం వస్తది."

"ఏం గాలేదు తాతా. గడ్డి మొలుస్తది, కోస్తం."

"గట్లంటె ఎట్ల? ఒక్క బర్రెనన్న పండుకొని ఉంటది గద! మంచిగ సోంచాయించున్రి." అంతలో నన్ను చూశాడు. "అల్లుడా, మంచిగొచ్చినవ్. గీ టేపు కొస జర పట్టు."

బండి పక్కన ఆపి, షాపుకు ఫోన్ చేసి, ఆ రోజుకు సెలవు పెట్టాను.