మామ పర్షియాకు, నేను మండీకి

ఆ రోజుల్లో హిందూపురం కుర్రవాళ్లలో గుంతకల్లు దాటినవాడంటేనే పదిమంది చుట్టూ చేరి కబుర్లు చెప్పించుకునేవాళ్లు. అటువంటి కాలంలో నేనూ, నా స్నేహితుడూ కలిసి ఇస్తాంబులుకు నేలమీద ప్రయాణం కట్టాం. పందొమ్మిది వందల ముప్పైలనాటి మాట ఇది. నేను మా మామ బెల్లం మండీలో లెక్కలు రాసేవాణ్ణి. (మామ అంటే మా అమ్మకు అన్న. మనిషి లావు, గొంతు అంతకంటే లావు.) నా స్నేహితుడు ధర్మవరంలో పట్టుచీరలు నేసే వాళ్లింటి పిల్లవాడు. మగ్గం మీద కూర్చోమంటే నడుం నొప్పి అనేవాడు గానీ, బడి నుంచి తెచ్చుకున్న పాత ప్రపంచ పటం ముందు మాత్రం అన్నం కూడా మరిచి బోర్లా పడుకునేవాడు. అందుకే వాడికి 'పటం' అని పేరు పెట్టాం.

ఓడెక్కి హాయిగా పోక నేలమీద ఎందుకని మీరడగవచ్చు. దానికి కారణం బుక్కపట్నం చెరువు. ఒకసారి చేపలు పట్టేవాళ్లతో సరదాగా తెప్ప ఎక్కిన పటం, గట్టు ఇంకా చేతికి అందేంత దగ్గరుండగానే, తిన్నదంతా చెరువుకు సమర్పించుకున్నాడు. అప్పటి నుంచి నీళ్లంటే వాడికి హడలు. "సముద్రం వద్దబ్బా. దేవుడు ఇంత నేల ఇచ్చినాడు, దాని మీదనే పోదాం" అని తీర్మానించాడు. బొంబాయి, కరాచీ, క్వెట్టా. అక్కడి నుంచి ఎడారిలో రైలు ఎంతవరకు పోతే అంతవరకు, ఆపైన లారీ మీద పర్షియా. తర్వాత బాగ్దాదు, డమాస్కస్, చివరకు ఇస్తాంబులు. దారి బాధ్యత వాడిది, భాష బాధ్యత నాది. మా వీధిలో అత్తరు అమ్మే సాయిబుకు పర్షియా వాళ్ల పారసీ భాష బాగా వచ్చు. సాయంత్రాలు ఆయన దగ్గర కూర్చొని నీళ్లకు ఏమంటారు, రొట్టెకు ఏమంటారు అని నేర్చుకునేవాణ్ణి. ఆ వాసనతో ఇంటికి వస్తే అవ్వ ముక్కు మూసుకొని, "ఎవరి పెండ్లికి పోయొచ్చినావురా?" అనేది.

సెలవు దొరికినప్పుడల్లా ధర్మవరం పోయి వాళ్లింట్లో మగ్గం పక్కన ప్రపంచ పటం పరిచేవాళ్లం. టర్కీ ముందా సిరియా ముందా అని మేము గొంతులు చించుకుంటుంటే, వాళ్ల నాయన నేత ఆపి తొంగి చూసేవాడు. ఒకరోజు వేలు పెట్టి, "ఈ ఊదా రంగు దేశం యాదప్పా?" అన్నాడు. పర్షియా అని చెప్పాం. "రంగు బాగుండాది. పక్కనే ఈ నిమ్మపండు రంగు కూడా కుదిరింది. అంచుకు పనికొస్తుంది" అని మళ్లీ మగ్గంలో కూర్చున్నాడు. మేము చేసిన ఏర్పాట్లలో ఎవరికైనా పనికొచ్చింది అదొక్కటే అనుకుంటాను. నిజంగానే అటువంటి చీర నేశాడు, అది వెంటనే అమ్ముడుపోయింది.

ఇంతలో అసలు చిక్కు తెలిసింది. దేశం దాటాలంటే పాసుపోర్టు కావాలి, అది చేతికొచ్చాక ఒక్కో దేశంవాళ్లూ దానిమీద వీసా వేయాలి. ఈ మాట అవ్వకు చెబితే, "వీసమా? అంత చిన్న దానికి ఇంత గొడవ ఏందిరా? అంగట్లో అడిగితే ఇయ్యరా?" అంది. సరేనని ఇద్దరం పెనుకొండలో సబ్ కలెక్టరు దొరగారి ఆఫీసుకు పోయాం. అక్కడ హెడ్డు గుమాస్తా కళ్లజోడు పైకి నెట్టి మమ్మల్ని ఎగాదిగా చూశాడు.

"ఎందుకు పోతాండారు?"

"చూసేదానికి" అన్నాను.

"ఏమి చూసేదానికి?"

"దేశాలు."

"తిరుపతి చూసినావా?"

"లేదండీ."

"హంపి? పోనీ, ఈ పెనుకొండ కోట పైకి ఎక్కి చూసినావా?"

పటం నా వైపు చూశాడు, నేను పటం వైపు చూశాను. ఆయన నిట్టూర్చి, పరాయి దేశంలో మేము దిక్కులేక పడిపోతే వెనక్కు తెప్పించే ఖర్చుకు ఎవరైనా ఆస్తిపరుడు పూచీ ఉండాలనీ, ఆ తర్వాత పోలీసులు ఇంటికొచ్చి విచారిస్తారనీ చెప్పాడు.

మాకు తెలిసిన ఆస్తిపరుడు మామ ఒక్కడే. ఊరికే అడిగితే తక్కెడ గుండు విసిరే మనిషి. అందుకని రైల్లో తిరిగి వస్తూ ఉపాయం ఆలోచించాం. మర్నాడు మండీలో నేను రాత ఆపి, గట్టిగా నిట్టూర్చి, "పాపం, పర్షియా వాళ్లు" అన్నాను.

"ఏమాయె వాళ్లకు?" అన్నాడు మామ.

"పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి బెల్లం ఎట్లుంటుందో తెలీదంట మామా. ఉత్త ఖర్జూరాలు తిని బతుకుతాండారు."

మామ ముఖం చూడాల్సింది! ఎవరో దగ్గరి చుట్టం పోయిన వార్త విన్నట్టు తలమీద చెయ్యి పెట్టుకున్నాడు. తర్వాత గద్దె దిగి, "ఇన్నాళ్లూ ఎవురూ చెప్పలేదేమిరా? మన హిందూపురం బెల్లం ఒక్క ముక్క నోట్లో పెడితే వాళ్లు వదుల్తారా? దుడ్లు ఒక పక్కనుండనీ, అది పుణ్యం కాదా?" అన్నాడు. పూచీ కాగితం మీద సంతకం చేశాడు. అంతటితో ఆగి ఉంటే బాగుండేది. మధ్యాహ్నం భోంచేసి, ఒక కునుకు తీసి లేచి, "నేనూ వస్తాండా" అన్నాడు. మేము పక్షుల్లాగా ఎగిరిపోవాలని ఆశపడితే, మా రెక్కలకు బెల్లం పెట్టెలతో సహా మామను కట్టినట్టయింది. అయినా పోవడమే ముఖ్యం కదా అని సర్దుకున్నాం.

తర్వాత పోలీసు విచారణ. మామ ఇంటికి వచ్చిన జవాను మజ్జిగ తాగి, మామ ఎంత పెద్దమనిషో రాసుకుపోయాడు. ధర్మవరంలోనూ అంతే. మా ఇంటికి వచ్చినప్పుడు నేను మండీలో ఉన్నాను, ఇంట్లో అవ్వ ఒక్కతే ఉంది. అవి సత్యాగ్రహాల రోజులు. పోలీసు ఇంటికొచ్చి పిల్లవాడి పేరు అడిగాడంటే జైలుకేనని ప్రతి ఇంట్లోనూ భయం.

"ఈ పేరున్న పిల్లోడు ఈడనే ఉంటాడా?" అన్నాడట జవాను.

"ఆ పేరే నేను వినలేదప్పా!" అందట అవ్వ.

"నీ మనవడంట కదా?"

"నాకు మనవడే లేడు సామీ. ఉంటే నాకీ గతేల?" అని కొంగు కళ్లకు అడ్డం పెట్టుకొని ఏడ్చిందట. (నిజమైన కన్నీళ్లేనని పక్కింటివాళ్లు సాక్ష్యం చెప్పారు.) అప్పుడు దండెం మీద ఆరుతున్నవి నా చొక్కాలే. అవెవరివని జవాను అడిగితే, "చాకలోడు పొరపాటున ఏసిపోయినాడు" అందట. సాయంత్రం నేను ఇంటికి రాగానే తలుపు మూసి గడియ పెట్టి, "నిన్ను కాపాడినాను, దా" అని పాయసం పెట్టింది.

మామకూ పటానికీ పాసుపోర్టులు వచ్చాయి. నాకు రాలేదు. లబోదిబోమంటూ పెనుకొండ పరుగెత్తాను. హెడ్డు గుమాస్తా కాగితం తిప్పి చూసి, "నువ్వు లేవే!" అన్నాడు.

"ఎదురుగా ఉండానయ్యా!"

"నాకు కనపడితే చాలదు కదప్పా. నువ్వు లేవని పోలీసు రాసినాడు. ముందు నువ్వుండావని తాసిల్దారుతో రాయించుకొని రా. ఆ తర్వాత మళ్లీ మొదటి నుంచి మొదలుపెడదాం."

అది తేలేలోగా ఎండలు ముదిరిపోతాయి, పెట్టెల్లో బెల్లం కారిపోతుంది. మామ నా భుజం తట్టి, "నువ్వు మండీ చూసుకోరా. మళ్లీసారి పోదువు" అన్నాడు. పటం ముఖం చిన్నబుచ్చుకున్నాడు గానీ, వాడి కాళ్లు మాత్రం ఒకచోట నిలవడంలేదు.

పోయే ముందురోజు మామ నన్ను పిలిచి, "ఒరేయ్, 'నేను బెల్లం వర్తకుణ్ణి' అనేదానికి వాళ్ల భాషలో ఏమంటారు?" అన్నాడు. అప్పటికి నా కడుపు మండి ఉంది. నాలో ఏ దెయ్యం దూరిందో, ఏమాత్రం తడబడకుండా "మన్ దీవానే అమ్" అన్నాను. నేను పిచ్చివాణ్ణి అని దానర్థం. మామ ఆ రోజంతా బెల్లం తూస్తూ, బండ్లవాళ్లను తిడుతూ, మధ్యమధ్యలో "మన్ దీవానే అమ్!" అని ఛాతీ మీద చెయ్యి వేసుకొని సాధన చేశాడు. మంచిదో చెడ్డదో, అత్తరు సాయిబు అప్పుడు ఊళ్లో లేడు.

చాలా నెలల తర్వాత ఇద్దరూ తిరిగి వచ్చారు. ఇస్తాంబులు కాదు గదా, పర్షియా అంచులు దాటి కొన్ని ఊళ్లు పోయేసరికే పెట్టెలు ఖాళీ అయ్యాయట. సరుకు అయిపోయాక ఇంకెక్కడికి అని మామ వెనక్కు తిరిగాడు. పటానికి ఎదురు చెప్పే ఓపిక కూడా లేదు. ఎడారిలో లారీ ఊపుకు, చుక్క నీళ్లు కనపడని చోట, వాడికి బుక్కపట్నం చెరువు అనుభవమే మళ్లీ కలిగిందట. మామ మాత్రం వెలిగిపోతున్నాడు. మండీ నిండా జనం చేరితే, గద్దె మీద కూర్చొని చెప్పసాగాడు.

"ఏం మర్యాదబ్బా వాళ్లది! దిగిన చోటంతా నేనెవరో చెప్పుకుంటి. ఒక్క మాట అంటే చాలు, ముసలివాళ్లు వచ్చి చెయ్యి పట్టుకొని నీడలో కూర్చోబెట్టిరి. ఆడోళ్లు రొట్టెలు తెచ్చిరి. పిల్లకాయలు కూడా ఎనకాల్నే వచ్చిరి. బెల్లం వర్తకుడంటే అంత గౌరవం!"

జనంలో అత్తరు సాయిబు కూడా ఉన్నాడు. "ఏమని చెప్పుకున్నారు సేటూ?" అన్నాడు కుతూహలంగా. నేను చిట్టా పుస్తకంలో తల దూర్చేశాను. మామ లేచి నిలబడి, ఛాతీ మీద చెయ్యి వేసుకొని, మండీ దద్దరిల్లేలా "మన్ దీవానే అమ్!" అన్నాడు. సాయిబు అత్తరు పెట్టె కింద పెట్టి, బెల్లం బస్తా మీద వాలిపోయి, కళ్లనీళ్లు తుడుచుకుంటూ అర్థం చెప్పాడు. మామ నెమ్మదిగా నా వైపు తిరిగాడు. తక్కెడ గుండు ఆయన చేతికి ఎంత దూరంలో ఉందో నేను కంటికొసతో చూసుకున్నాను. ఆయన మళ్లీ గద్దె మీద కూర్చున్నాడు.

"అంటే, పిచ్చోడని తెలిసి కూడా అంత అన్నం పెట్టినారా? బెల్లం కూడా కొన్నారా? మంచి దేశమబ్బా అది" అన్నాడు. (సాయంత్రం విడిగా పిలిచి నా చెవి మెలిపెట్టాడనుకోండి. అది వేరే సంగతి.)

తర్వాత నేను ఇస్తాంబులు పోలేదు. పెళ్లి, పిల్లలు, మండీ. ఆ తర్వాత కొన్నేళ్లకు దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది, మేము గీసుకున్న దారిలో కరాచీ, క్వెట్టాలే పరదేశమయ్యాయి. ఆనాడు మామనూ పటాన్నీ రైలెక్కించడానికి స్టేషనుకు పోయిన రోజు నేనొక ఖాకీ కోటు తొడుక్కున్నాను. దేశదేశాల కాగితాలు దాచుకోవడానికని ఒళ్లంతా జేబులు పెట్టించి కుట్టించుకున్న కోటు అది. ఇక ఎందుకూ పనికిరాదని తెలిసినా, కుట్టించాను కదా అని వేసుకొని, కదిలే రైలు పక్కన పరుగెత్తుతూ "గుంతకల్లులో రైలు మారండి! మర్చిపోవద్దండి!" అని అరిచాను. వాళ్లకు వినపడిందో లేదో తెలియదు. రైలు పోయాక ఖాళీ జేబుల్లో చేతులు పెట్టుకొని, ముఖం వేలాడేసుకొని నిలబడిన ఆ కుర్రవాడు ఇప్పటికీ నా కళ్లకు కడుతుంటాడు. వాడి దగ్గరికి పోయి, "ఏమబ్బా, యాడికి పోతాండావు?" అని అడగాలనిపిస్తుంది. వాడు ముక్కు తుడుచుకొని, ఒక్క ఊరు కూడా తప్పకుండా దారంతా చెబుతాడు. నేను అడ్డు తగలకుండా ఇస్తాంబులు దాకా వింటాను.